శనివారం దాకా ఆగిన మాట

ఆమె నా గది తలుపు తట్టిన క్షణంలోనే నాకు భయం వేసింది.

తలుపు తడితే భయమెందుకని ఎవరైనా అడగవచ్చు. ఆ రొయ్యల ఫ్యాక్టరీ ఆఫీసులో నేను చేరిన పధ్నాలుగు నెలల్లో ఆమె ఒక్కసారి కూడా తలుపు తట్టలేదు. ముందు వరండా చివర గమ్‌బూట్ల చప్పుడు వినిపించేది, దాని వెనకే గొంతు, ఆ తరువాత మనిషి. ఆ బుధవారం మాత్రం వేలితో మెల్లగా తట్టి, తలుపు సందులోంచి, "లోపలికి రావచ్చా మేడం?" అంది.

మేడం! అంతకు నెల ముందు దాకా ఆమెకు నేను, నెల్లూరు వైపు చనువు పిలుపులో, "మే"ని. బాగా ప్రేమ వస్తే "పాపా"ని.

అప్పుడు నేను ఫోన్‌లో ఉన్నాను. మా చిన్నవాడు బడిలో రెండుసార్లు వాంతి చేసుకున్నాడని టీచర్ చెబుతోంది. ఆమెకు అరచెయ్యి ఎత్తి చూపించాను. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు ఆగాలని నేనే నేర్పిన సైగ అది. ఆమె ఆగింది. చేతులు కట్టుకుని బడిపిల్లలా నిలబడింది. ఆ నిలబడటంలో ఏదో సరిగ్గా లేదు. ఏమిటో తెలియలేదు. ఫోన్ పెట్టేసి చూసేసరికి ఆమె అక్కడ లేదు.

నాలుగింటికి నేను స్కూటీ తీస్తుంటే గేటు దగ్గర ఎదురైంది.

"ఏందక్కా, వచ్చి ఊరకే పోయినావు?"

"పెట్టెలో ఏసినాలే మేడం. శనివారం చూద్దురు. బిడ్డకి ఎట్టుండాది?"

సరే, శనివారం చూద్దాం అనుకున్నాను. హాలు వాళ్ళు చీటీలు వేసే ఆ పెట్టె తాళంచెవి నా మెడలోనే ఉంది, ఐడి కార్డు తాడుకు కట్టి.

అందరూ ఆమెను అక్క అనేవాళ్ళు, ఆమె కంటే పెద్దవాళ్ళతో సహా. రొయ్యకు తల తీసి, పొట్టు ఒలిచి, వీపు మీది నల్ల నరం లాగే హాలుకు ఆమె సూపర్‌వైజరు. అక్కడ నూరు మందికి పైగా ఆడవాళ్ళు స్టీలు బల్లల ముందు బారులుగా నిలబడతారు. తలకు తెల్ల టోపీ, మూతికి మాస్కు, మోకాళ్ళ దాకా బూట్లు. ఆ హాల్లో ఎవరికీ మొహం ఉండదు, కళ్ళే ఉంటాయి. చేరి రెండు నెలలైనా నేను ఎవరినీ గుర్తుపట్టలేకపోయేదాన్ని. ఆమె ఈ చివర నిలబడి ఆ చివరి కళ్ళు చదివేది.

"ఆ మూడో పిల్ల పొద్దున ఏం తినలా మే. కళ్ళు చూడు, ఎట్ట లోపలికి పోయినాయో." వెంటనే ఆ పిల్ల దగ్గరికి పోయి, "బయటికి పో. నా సంచిలో ఇడ్లీలుండాయి. తిని రా. తినకుండా వచ్చినావంటే రొయ్యతో పాటు నీ పొట్టు గూడా తీస్తా" అనేది.

నీళ్ళ హోరు, ఫ్యాన్ల హోరు, ఐసు పారల చప్పుడు. ఆ చప్పుళ్ళలో మాట్లాడటానికి ఆమెకు రెండు పద్ధతులుండేవి. ఒకటి వేలి కణుపులు. ఖాళీ ట్రే మీద రెండుసార్లు కొడితే ఐసు తెమ్మని. మూడుసార్లు కొడితే పని వదిలి బయటికి పొమ్మని, టీకైనా ఇంటికైనా. రెండోది గొంతు. చిన్నప్పుడు ఒడ్డున నిలబడి వాళ్ళ నాయన తెప్పను పిలిచిన గొంతట. "మాట అలల మీద నుంచి పోవాల. ఈ పిల్లల మాట బల్ల గూడా దాటదు" అనేది.

ఆ గొంతుతోనే తిట్లు కూడా. "ఏం అమ్మణ్ణీ, తల తీయమంటే నీ తలకాయ ఇంటికాడ పెట్టొచ్చినావా?" "చేతులు దాచుకుంటా ఉండావే, పెళ్ళిలో చూపించుకోడానికా?" సగం మంది నవ్వేవాళ్ళు. మిగతా సగం మాస్కుల్లో ఏడ్చేవాళ్ళు. మాస్కు ఉంటే ఏడుపు కూడా కనపడదు.

ఇక ఆమె ముక్కు. రొయ్యల గుంటల నుంచి వచ్చిన సరుకు మీదికి వంగి ఒక్కసారి గాలి పీల్చేది. "పైన నేటిది, అడుగున నిన్నటిది. తిరగేసి చూడు" అనేది. ల్యాబులో పరీక్ష చేసి గంట తరువాత అదే చెప్పేవారు. "మిషను పొద్దుటి నించి ఏం చేస్తా ఉండాదంట? నిద్ర పోతా ఉండాదా?" అని నవ్వేది.

నాతో ఆమెకు ఒకటే పని ఉండేది. పిల్లల కోసం నాలుగింటికి వదలాలని ముందే మాట్లాడుకుని చేరాను నేను. కానీ ఆ టైముకు లేస్తే అందరూ ఏమనుకుంటారో అని కంప్యూటర్ ముందు ఇంకా వంగి కూర్చునేదాన్ని. ఆమె వచ్చి నా బల్ల మీద కణుపులతో మూడుసార్లు కొట్టేది.

"నాలుగైంది మే. బిడ్డలు బడి గేటు కాడ నిలబడుంటారు. ఈ కంప్యూటర్ని ఎవురూ ఎత్తకపోరు. లెయ్యి."

ఎవరేమనుకున్నా ఆమెనే అనుకునేవాళ్ళు. నేను లేచేదాన్ని.

హాల్లో పిల్లలు నిలవడం లేదని, మానేసేటప్పుడు చాలామంది "అరుపులు" అని రాస్తున్నారని మేనేజర్ గారు నన్ను పిలిపించారు. నేను నెల్లూరులో ఎంబీఏ చదివాను. మనుషులతో ఎలా మాట్లాడాలో, ఎలా వినాలో ఒక పేపరు ఉండేది మాకు. "పని వాతావరణం బాగుపడాలమ్మా. శనివారం శనివారం క్యాంటీన్లో ఒక గంట తరగతి పెట్టు. ముందు ఆ గొంతు తగ్గించు. ఆరు నెలల్లో నీ ఉద్యోగం ఖాయం చేయాలా వద్దా అనేది కూడా ఇందులోనే చూస్తాం" అన్నారు.

మొదటి శనివారం నేను "పని వాతావరణం" అని బోర్డు మీద రాయగానే వెనక బెంచీ నుంచి ఆమె అంది: "వాతావరణం బాగలేదని రేడియోలో చెప్తే మావోళ్ళు వేటకే పోరు. మీరు బాగలేదని చెప్తా చెప్తా మమ్మల్ని లోపలికి పంపిస్తా ఉండారే!"

క్యాంటీన్ అంతా గొల్లుమంది. నేనూ నవ్వాను.

ఎవరి గురించి వాళ్ళు రెండు మాటలు చెప్పాలన్నాను. ఆడపిల్లలు తలొంచుకుని ఊరి పేరు చెప్పి కూర్చున్నారు. ఆమె లేచి, కొంగు తల మీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని, "ప్రభువు నామంలో అందరికీ వందనాలు" అని మొదలుపెట్టింది. నలుగురి ముందు లేచి మాట్లాడటమంటే ఆమెకు తెలిసింది ఆదివారం సంఘంలో చెప్పే సాక్ష్యమే. ఎన్నాళ్ళు ఏ బాధలో ఉన్నదీ, ఎట్లా బయటపడ్డదీ, ఎవరు అన్నం పెట్టిందీ అన్నీ చెప్పి, చివర ఆమెన్ అంది. క్యాంటీన్లో సగం మంది ఆమెన్ అన్నారు. నేను రెండు నిమిషాలు ఇచ్చిన చోట ఇరవై నిమిషాలు తీసుకుంది. అయినా ఆ పూట అందరూ నోరు తెరిచి విన్నది ఆమె మాట ఒక్కటే.

మరో వారం, కుడిపక్కన కూర్చున్నవారి గురించి ఒక మంచి మాట చెప్పమన్నాను. ఆమె పక్కన తోటపల్లి గూడూరు వైపు నుంచి వచ్చే ఒక కొత్త కోడలు కూర్చుంది. ఆమె ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, "ఈ పిల్లకి మూడో నెల. ఎవురికీ చెప్పలా. ఐసు నీళ్ళలో నిలబడతా ఉండాది. మంచి పిల్ల, కానీ ఎర్రిది" అంది.

ఆ పిల్ల భోరుమని ఏడ్చింది. తరగతి అయ్యాక ఆమెను పక్కకు పిలిచి, అలాంటివి నలుగురిలో చెప్పకూడదక్కా అన్నాను. పద్ధతి, మర్యాద, సొంత విషయం... చాలా చెప్పాను.

ఆమె అంతా విని, "మరి ఎప్పుడు చెప్పాల మే? బిడ్డ పోయినాకనా?" అంది.

ఆ పిల్లను సోమవారం నుంచి ప్యాకింగుకు మార్చారు. అక్కడ నేల పొడిగా ఉంటుంది. ఈ ఎండాకాలంలో ఆడపిల్ల పుట్టింది.

నేను నేర్పినదంతా బూటకమని చెప్పడానికి ఇది రాయడం లేదు. అలా చెప్పగలిగితే నాకు తేలికగా ఉండేది. ఒకసారి పాత్రలు మార్చి ఆడించాను. మాట తడబడే ఒక పిల్ల అక్క అయింది, అక్క ఆ పిల్ల అయింది. ఆ పిల్ల మొదట భయపడింది. తరువాత ఏమైందో, తడబాటు లేకుండా, అక్క గొంతుతోనే, "నోట్లో రొయ్య పెట్టుకున్నావా? మాట రాదా? మీ అమ్మ నీకు నాలిక కొనీలా?" అని అరిచింది. అన్నీ అక్క మాటలే. ఎవరూ నవ్వలేదు. మర్నాడు అక్క ఒక స్టీలు డబ్బాలో వేయించిన నెత్తళ్ళ చేపలు తెచ్చి ఆ పిల్ల ముందు పెట్టి, "నా నోరు అట్టాంటిది. నువ్వు చెవులు గట్టి చేసుకోబాక. నేనే తగ్గిస్తా" అంది. తగ్గించింది కూడా. ఆ నెల ఎవరూ మానలేదు. నేను ఇంటికొచ్చి నా భర్తకు గొప్పగా చెప్పుకున్నాను.

అందుకే నేను అక్కడితో ఆగలేదు.

ఒకరోజు ఆమె ముక్కుకు ఏదో ఘాటు తగిలింది. ఫ్యాక్టరీలో ఐసు కట్టడానికి, సరుకు గడ్డకట్టించడానికి అమోనియా గ్యాసు నడుస్తుంది. హాలుకూ గేటుకూ మధ్య ఆ మిషన్ల గది. ఆమె తిన్నగా అక్కడికి పోయి, అందరి ముందూ ఆపరేటర్ను, "మమ్మల్ని చంపతావా నాయనా? కునుకు తీస్తా ఉండావా?" అని అరిచింది. మిషన్లు ఆపారు. వెతికారు. చివరికి అది బ్లీచింగు డ్రమ్ము మూత తీసి ఉంచడం వల్ల వచ్చిన వాసన. మూడు గంటల పని పోయింది. పరువు పోయిందని ఆపరేటర్ కాగితం రాసిచ్చాడు. మేనేజర్ గారు నన్ను నిలబెట్టి అడిగారు. "ఇదేనా నీ శిక్షణ?"

చేతులు కడిగే కుళాయిల దగ్గర నిలబడి ఏడుస్తుంటే ఆమె చూసింది.

"ఏడవబాక మే. ఏంది, నా వల్లనా?"

నా ఉద్యోగం ఖాయం కాదేమోనని చెప్పాను. ఇద్దరు పిల్లలు, బడి, ఇల్లు, అన్నీ చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆమె తడి చేతులు ఆప్రానుకు తుడుచుకుంది.

"సరేలే. ఏం చేయమంటావో చెప్పు."

చెప్పాను. ఇకమీద ఎవరినీ నలుగురిలో అనొద్దు. ఏదైనా తేడా కనిపిస్తే కాగితం మీద రాసి పెట్టెలో వెయ్యి. పెట్టె శనివారం మేనేజర్ గారి ముందే తెరుస్తాను, ఎవరి మనసూ నొచ్చుకోదు. రాసేటప్పుడు ముందు ఒక మంచి మాట, మధ్యలో తప్పు, చివర మళ్ళీ ఒక మంచి మాట.

"మాత్రకి బెల్లం చుట్టినట్టా?"

"అవునక్కా, అట్లాగే."

"సరే. నీ మొకం చూసి ఒప్పుకుంటా ఉండా. నీకు బిడ్డలుండారు." కొత్త మాట నోట్లో తిప్పి చూసుకుంటున్నట్టు, "సరే మేడం" అంది.

హాలు నెమ్మదించింది. మేనేజర్ గారు ఒకరోజు తలుపు దగ్గర నిలబడి విని, "చూశావా, ఎంత ప్రశాంతంగా ఉందో" అన్నారు. నాకూ బాగుందనే అనిపించింది. బుధవారం ఆమె తలుపు తట్టేదాకా.

శుక్రవారం పదకొండు దాటింది. నేను హాజరు పుస్తకం చూస్తున్నాను. ముందు ఆ గొంతు వినిపించింది. నెల తరువాత, గోడలు దాటి.

"పని వదలండీ! బయటికి! ఎనక తలుపు! ఎనక తలుపు!"

తరువాత కళ్ళు మండాయి.

మా గోడల మీద బాణం గుర్తులన్నీ గేటు వైపే చూపిస్తాయి. ప్రమాదం వస్తే గేటు పక్కన చేరాలని బోర్డు ఉంది. ఆ బోర్డు చదివి అప్పజెప్పమని పిల్లలకు నేనే పరీక్ష పెట్టాను. వాళ్ళు గేటు వైపే పరిగెత్తారు. కానీ ఆ వేళకు సముద్రపు గాలి లేస్తుంది, తూర్పు నుంచి. మిషన్ల గది నుంచి గ్యాసును గేటు మీదికే తోస్తుంది. ఒడ్డున పుట్టిన మనిషి కనుక ఆమెకు ఆ లెక్క ఆలోచించకుండానే తెలుసు.

"గేటుకాడికి పోబాకండి! గాలికి ఎదురు పోండి! సముద్రం దిక్కుకి! సరుగుడు తోపులోకి!"

నేను కూడా ఆ గొంతు పట్టుకునే పరిగెత్తాను. వెనక తలుపు దగ్గర ఆమెను చూశాను. అందరూ తడిపిన మాస్కులు, కొంగులు మూతికి అదుముకుని పోతున్నారు. ఆమె ఒక్కతే మాస్కు కిందికి లాగేసి నిలబడింది. మాస్కు ఉంటే గొంతు అంత దూరం పోదు. అరవాలంటే గాలి పీల్చాలి. ఆమె పీల్చింది, అరిచింది, మళ్ళీ పీల్చింది. గేటు వైపు పోయినవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. నన్ను వీపు మీద చరిచి బయటికి తోసింది. "పో మే!" అంది. మేడం అనలేదు.

చివర బయటికి వచ్చింది ఆమె. సరుగుడు తోపులో పడి దగ్గుతున్న అందరూ బతికారు. ఆమె నెల్లూరు ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉంది.

నేను ఒక్కసారే వెళ్ళాను. ధైర్యం చేసి వెళ్ళాను అనాలి. గొంతు లోపలంతా కాలిందని, మాట రాదని చెప్పారు. నేను ఆమె కాళ్ళ దగ్గర నిలబడి పెట్టె సంగతి చెబుదామనుకున్నాను. అక్కా, నేను ముందే తెరవలేదు అని. ఆమె కళ్ళు నా మీది నుంచి గోడ గడియారం మీదికి పోయాయి. తరువాత మంచం కమ్మీ మీద వేలి కణుపులతో మూడుసార్లు కొట్టింది.

నాలుగు కావస్తోంది.

నేను ఆ మాట చెప్పకుండానే పిల్లల కోసం వచ్చేశాను. ఆమె పోయిందని రెండు రోజుల తరువాత తెలిసింది.

ఆ పెట్టెను నేను ప్రమాదం జరిగిన శుక్రవారం సాయంత్రమే తెరిచాను. ఫ్యాక్టరీ ముందు పోలీసులు, బండ్లు. ఎవరూ నన్ను చూడలేదు. లోపల ఒకటే చీటీ. బైబిలు చదవడం కోసం పెద్దతనంలో నేర్చుకున్న అక్షరాలు, ఒక్కొక్కటీ రొయ్యంత.

"ఐసు గది అన్నలు బాగా పని చేస్తా ఉండారు. వందనాలు. గ్యాసు గది గోడ కాడ సోమవారం నుంచి ఘాటు వాసన. కళ్ళు మండతా ఉండాయి. ఇది బ్లీచింగు కాదు. దయచేసి చూడండి. మీ అందరికీ దేవుడు తోడుండును గాక."

ముందు మంచి మాట. మధ్యలో తప్పు. చివర మళ్ళీ మంచి మాట. నేను చెప్పింది చెప్పినట్టు.

ఆ చీటీ జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను. అప్పటి నుంచి మా పెద్దదాని పాత పలకల సంచి అడుగున ఉంది.

చర్చిలో ఆమె జ్ఞాపకార్థ కూడికకు వెళ్ళాను. పాట అందుకునేవాళ్ళు లేక సంఘం తడబడింది. మైకు లేకుండా పాడేది ఆమేనట. పాస్టర్ గారు, ఎవరైనా ఆమె గురించి సాక్ష్యం చెబుతారా అని అడిగారు. హాలు పిల్లలు ఒకరి తరువాత ఒకరు లేచారు. మాట తడబడే పిల్ల కూడా లేచింది. నేను చాప అంచు పీకుతూ కూర్చున్నాను.

బయటికి వచ్చాక ఆమె కూతురు నా చెయ్యి పట్టుకుంది.

"మేడం, గ్యాసు గది గోడ కాడ మా అమ్మ వాసన పట్టడం హాలు పిల్లలు చూసినారంట. వాసన వస్తా ఉండాదని ఆమెకి ముందే తెలుసంట. ఎవురికీ చెప్పలేదంట. ఫ్యాక్టరీలో అందరూ అట్టే అంటా ఉండారు. నోరు మూసుకోని ఉండే మనిషా మేడం మా అమ్మ? మీరే చెప్పండి."

నేను ఏమన్నానో తెలుసా? "విచారణ జరుగుతోంది కదమ్మా, అన్నీ తెలుస్తాయి" అన్నాను. మెల్లగా, మర్యాదగా, ఆమె కళ్ళలోకి చూస్తూ. నేను నేర్పిన పద్ధతిలో.

రేపు విచారణకు పైనుంచి మనుషులు వస్తున్నారు. మేనేజర్ గారు తయారు చేసిన కాగితం నా దగ్గర ఉంది. "తగిన శిక్షణ ఇచ్చినప్పటికీ సూపర్‌వైజర్ వాసన సంగతి ముందుగా ఎవరికీ తెలియజేయలేదు" అని ఉంది అందులో. శిక్షణ ఇచ్చినదాన్ని కనుక కింద నా సంతకం కావాలి. పెడితే తప్పంతా ఆమెది. చీటీ చూపిస్తే తాళంచెవి ఎవరి మెడలో ఉందని అడుగుతారు. ఉద్యోగం పోతుంది. ఇంకేం పోతుందో నాకు తెలియదు. నా భర్తకు ఇంకా చెప్పలేదు, ఈ వారం అతనికి నైట్ డ్యూటీ. నెల రోజులుగా నేను ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేదు.

ఈ సాయంత్రం మేనేజర్ గారు ఫోన్ చేశారు. "భయపడొద్దమ్మా, నాలుగు లైన్లే కదా, సంతకం పెట్టు. అందరం బాగుంటాం" అంటున్నారు. నేను ముందుగదిలో నిలబడి వింటున్నాను. పెద్దది వచ్చి నా మోచేతి మీద చెయ్యి పెట్టి నిలబడింది. అది మా ఇంటి పద్ధతి. అమ్మ ఫోన్‌లో ఉంటే అరవకూడదు, చెయ్యి పెట్టి ఆగాలి. ఆగితే ఫ్రిజ్ మీద అతికించిన కాగితంలో ఒక స్టార్. ఫ్యాక్టరీలో నేర్పి, బాగుందని ఇంట్లో కూడా పెట్టాను.

ఆగింది నా తల్లి. ఎంతసేపు ఆగిందో నాకు తెలియదు. నేను అరచెయ్యి ఎత్తి చూపించాను కూడా. ఫోన్ అయ్యాక, "ఏంటమ్మా?" అన్నాను.

"పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. వాసన వస్తోంది" అంది. చాలా మెల్లగా. స్టార్ కోసం నా మొహంలోకి చూస్తూ.

చిన్నవాడు వంటగదిలో గట్టు కింద కూర్చుని బొమ్మ బస్సు తోస్తున్నాడు.

రెగ్యులేటర్ కట్టేశాను. కిటికీలు తీశాను. ఇద్దరినీ చంకనేసుకుని మెట్ల మీద కూర్చున్నాను. ఏమీ కాలేదు. ఏమీ కాలేదు. ఇది రాస్తూ నాలుగుసార్లు లేచి రెగ్యులేటర్ చూసి వచ్చాను. పిల్లలు పడుకున్నారు. ఇద్దరి ముక్కుల దగ్గరా వేలు పెట్టి చూశాను.

నేను దేన్ని మర్యాద అని నేర్పానో ఈ రాత్రి నాకు తెలియడం లేదు. బిడ్డ ప్రాణం కంటే నా ఫోన్ పెద్దదని నేర్పానా? ఆ తల్లి నా కోసం గొంతు దాచుకుంది. నాకు బిడ్డలున్నారని దాచుకుంది. ఆమెకూ ఒక బిడ్డ ఉంది. చేయి పట్టుకుని ఒకే ఒక్క మాట అడిగింది.

పై మాటలన్నీ రాత్రి రాసినవి. ఇది పొద్దున, బస్సు కోసం నిలబడి రాస్తున్నాను. ఈ పూట స్కూటీ నడపలేను. చీటీ బ్యాగులో ఉంది.

బయలుదేరే ముందు ఫ్రిజ్ మీది స్టార్ల కాగితం చింపేశాను. పెద్దది బిక్కమొహం వేసింది. జడ వేస్తూ ఇద్దరికీ చెప్పాను. "భయం వేసినా, వాసన వచ్చినా, దెబ్బ తగిలినా, ఏదైనా తేడాగా ఉన్నా, అమ్మ ఎవరితో మాట్లాడుతున్నా సరే, ఆగొద్దు. అరవండి."

"మెల్లగానా?" అంది పెద్దది.

"గట్టిగా."

చిన్నవాడికి నమ్మకం కలగలేదు. "ఇప్పుడు అరవనా?" అన్నాడు.

"అరువు."

అరిచాడు. పక్కింటి పిన్నిగారు తలుపు తీసి, "ఏందమ్మా, ఏమైంది?" అని పరిగెత్తుకొచ్చారు. ఏమీ లేదు పిన్నీ, నేర్చుకుంటున్నారు అన్నాను.

బడి గేటు దగ్గర వంగి ఇంకొక మాట చెప్పాను. "మా ఫ్యాక్టరీలో ఒక అక్క ఉండేది. ఆమె ముందే చెప్పింది. చెప్పలేదని అందరూ అంటున్నారు. ఆమె చెప్పింది, నేనే వినలేదు. ఆ మాట అందరి ముందూ చెప్పడానికి పోతున్నాను."

"తిడతారా నిన్ను?" అంది పెద్దది.

"తిడతారు. అయినా నాలుగింటికి ఈ గేటు దగ్గరే ఉంటాను."